అంతరిక్ష కెమెరా సంగతి తర్వాత, ముందు పిల్లల్ని చెరువు కట్ట ఎక్కించండి

మేడం, మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది: మీది ఘట్‌కేసర్ దాటాక ఔటర్ రింగ్ రోడ్డుకు అవతల ఉన్న హైస్కూలు, ఎనిమిది తొమ్మిది తరగతుల పిల్లలకు అంతరిక్షం నుంచి తీసిన ఫోటోలతో భూమి గురించి చెప్పాలని ఉంది, అమెరికాలో స్కూలు పిల్లలు స్పేస్ స్టేషన్ కెమెరాతో ఫోటోలు తీయించుకున్నారని చదివారు, మన పిల్లలకు అలాంటిది కుదురుతుందా అని ఒకటి. ఒక సంస్థవాళ్ళు వచ్చి రెండు లక్షలకు స్పేస్ ల్యాబ్ పెట్టిస్తామంటున్నారు, దాతలు దొరికారు, తీసుకోవాలా అని రెండోది.

రెండో దానికి ముందు చెప్తాను, ఎందుకంటే అది చిన్న జవాబు. వద్దు. నేను ఉపగ్రహ చిత్రాలు చదివే పనిలో బాలానగర్‌లో 28 ఏళ్ళు చేసి రిటైరయ్యాను, ఆ తర్వాత పిలిచిన స్కూలుకల్లా వెళ్తున్నాను. అలాంటి ల్యాబ్ ఒకటి ఊరి చివర ఒక స్కూల్లో చూశాను (పేర్లెందుకు లెండి). ప్లాస్టిక్ రాకెట్ ఒకటి, గోడకు గ్రహాల బొమ్మలు, కళ్ళకు పెట్టుకునే వీఆర్ డబ్బాలు పది. డబ్బాలు ఏడాదికే పనిచేయడం మానేశాయట, మిగతావి పిల్లలు పాడుచేస్తారని బీరువాలో పెట్టి తాళం వేశారు. మీకు కావలసింది ఇంటర్నెట్ ఉన్న ఒక ల్యాప్‌టాప్, కలర్ ప్రింట్లు తీసే జిరాక్స్ షాపు, నడిచి వెళ్ళేంత దూరంలో ఒక చెరువు. మీ వైపు చెరువులకు కరువు లేదు కాబట్టి సగం ల్యాబ్ మీ దగ్గర ఇప్పటికే ఉంది.

ఇక మొదటి ప్రశ్న. మీరు చదివింది ఎర్త్‌క్యామ్ గురించి. అమెరికా నుంచి అంతరిక్షంలోకి వెళ్ళిన మొదటి మహిళ శాలీ రైడ్ 1983లో స్పేస్ షటిల్‌లో వెళ్ళొచ్చారు, తర్వాత ప్రొఫెసరయ్యారు, ఆవిడ పూనికతో 1996లో కిడ్‌శాట్ అనే పేరుతో షటిల్ కిటికీకి ఒక కెమెరా బిగించారు. 2001 నుంచి అది స్పేస్ స్టేషన్‌కు మారింది, 2012లో ఆవిడ పోయాక ఆవిడ పేరే పెట్టారు. ఇందులో నాకు నచ్చింది కెమెరా కాదు. అది మామూలు నికాన్ లాంటి కెమెరానే. ఏ చోటు ఫోటో కావాలో పిల్లలే ఎంచుకోవాలి, అక్షాంశం రేఖాంశం వాళ్ళే చూసుకోవాలి, స్టేషన్ ఆ చోటు మీదికి ఎప్పుడు వస్తుంది, అప్పుడక్కడ పగలా రాత్రా, మబ్బు పట్టే కాలమా అని లెక్క వేసి మరీ అడగాలి. అంటే ఫోటో రావడానికి ముందే పాఠం సగం అయిపోతుంది. మనం పట్టుకోవలసింది ఈ పద్ధతిని. దీనికి వాళ్ళ కెమెరానే కావాలని లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు.

ఆ లెక్క మీ పిల్లలతోనూ చేయించండి, నల్లబల్ల మీదే. స్పేస్ స్టేషన్ సుమారు 400 కి.మీ. ఎత్తులో, దాదాపు 90 నిమిషాలకు ఒక చుట్టు తిరుగుతుంది. దాని కిందున్న నేల సెకనుకు ఏడు కిలోమీటర్ల పైచిలుకు వెనక్కి జరిగిపోతుంటుంది. మన ఔటర్ రింగ్ రోడ్డు పొడవు 158 కి.మీ., దాన్ని గుండ్రం అనుకుంటే అడ్డంగా 50 కి.మీ. చిల్లర. ఏడే ఏడు సెకన్లలో హైదరాబాద్ ఈ చివర నుంచి ఆ చివర దాకా దాటేస్తుందన్నమాట, పంజాగుట్ట సిగ్నల్ దగ్గర నిలబడ్డవాళ్ళకు ఈ ముక్క చెప్తే ఏడుస్తారు. పిల్లలు పది సెకన్లు తప్పు లెక్క వేస్తే 70 కి.మీ. తేడా వస్తుంది, హైదరాబాద్ అడిగితే జనగామ దరిదాపుల ఫోటో చేతికొస్తుంది.

లెన్స్ లెక్క ఇంకా బాగుంటుంది. కెమెరాలో సెన్సర్ (బొమ్మ పడే పలక) వెడల్పు 36 మి.మీ. అనుకోండి, లెన్స్ నాభ్యంతరం 50 మి.మీ., ఎత్తు 400 కి.మీ. సెన్సర్ వెడల్పును ఎత్తుతో గుణించి లెన్స్‌తో భాగిస్తే 288 కి.మీ., ఒకే ఫోటోలో హైదరాబాద్ నుంచి విజయవాడ దాకా పడుతుంది. అదే 400 మి.మీ. లెన్స్ పెడితే 36 కి.మీ., అప్పుడు ఔటర్ లోపలి ఊరు కూడా పూర్తిగా పట్టదు. ఫోటో అడ్డంగా 6,000 పిక్సెళ్ళు (బొమ్మలోని చిన్న చిన్న గళ్ళు) ఉంటే మొదటి దాంట్లో ఒక పిక్సెల్ నేల మీద 48 మీటర్లు, రెండో దాంట్లో 6 మీటర్లు. ఇదంతా పదో తరగతి సరూప త్రిభుజాల పాఠమే, లెక్కల సార్‌ను కూడా లాగండి, ఆయన కాదనరు.

వీలైతే ఈ లెక్కలకు ముందే ఒక సాయంత్రం పిల్లల్ని స్కూలు గ్రౌండ్‌లో నిలబెట్టి ఆ స్టేషన్‌ను చూపించండి. ఏ ఊరి మీదుగా ఎప్పుడు వెళ్తుందో నాసా ముందుగానే చెప్తుంది. చీకటి పడ్డాక కాసేపటికి, మినుకుమనకుండా, విమానం లాగా ఎర్ర లైట్లు లేకుండా, నక్షత్రం ఒకటి నడుచుకుంటూ వెళ్తున్నట్టు ఉంటుంది. నాలుగైదు నిమిషాల్లో అయిపోతుంది. ఆ చుక్కలోంచి మన వైపు చూసే మనుషులున్నారు అని చెప్పాక మర్నాడు క్లాసులో ఎవరూ ఆవలించరు.

అయితే మీ క్లాసుకు అసలు పని స్పేస్ స్టేషన్ ఫోటోలతో జరగదు. అవి అందంగా ఉంటాయి, ఒక్కోసారి ఏటవాలుగా ఉంటాయి, అదే చోటికి అదే సమయానికి మళ్ళీ దొరకవు. సైన్సుకు కావలసింది ఒకే చోటు, ఒకే కోణం, ఒకే వేళ, పదే పదే. దానికి సెంటినెల్-2, ల్యాండ్‌శాట్ అనే ఉపగ్రహాలు ఉన్నాయి, రెండింటి బొమ్మలూ ఉచితం. ల్యాండ్‌శాట్ వరస 1972లో మొదలైంది, ఇప్పుడు తిరుగుతున్న 8, 9 నంబర్లు రెండూ కలిసి ఎనిమిది రోజులకోసారి మన మీదుగా వెళ్తాయి, పిక్సెల్ 30 మీటర్లు. సెంటినెల్-2 యూరప్ వాళ్ళది, పిక్సెల్ 10 మీటర్లు, ఐదు రోజులకోసారి. రెండూ మన దగ్గరికి వచ్చేది ఉదయం పదిన్నర, పదకొండు మధ్య, అంటే మీ పిల్లలు సెకండ్ పీరియడ్‌లోనో థర్డ్ పీరియడ్‌లోనో ఉన్నప్పుడు. 10 మీటర్లంటే ఎంతో చూపించడానికి చార్మినార్ మంచి ఉదాహరణ. దాని ఒక్కో వైపు 20 మీటర్లు, కాబట్టి సెంటినెల్‌లో మొత్తం చార్మినార్ నాలుగు పిక్సెళ్ళు. ల్యాండ్‌శాట్‌లో ఒక్క పిక్సెల్ కూడా నిండదు. ఉపగ్రహం మన వాట్సాప్ చదువుతుంది అనుకునే పిల్లలకు ఇది ముందే తెలియడం మంచిది.

ఇంకో మాట, ఇది పుస్తకాల్లో దొరకదు. సెంటినెల్ పిక్సెల్ ఒకటి 10 మీటర్లు పొడవు, 10 మీటర్లు వెడల్పు, అంటే 100 చదరపు మీటర్లు. మన గుంట ఎంత? 101 చదరపు మీటర్లు. పిక్సెల్ అంటే గుంట, నలభై పిక్సెళ్ళు ఎకరం! ఇది తట్టినప్పుడు నాకే నవ్వొచ్చింది, ఇన్నేళ్ళు హెక్టార్లలో లెక్కలు రాసి చచ్చాను. రైతుల పిల్లలకు పిక్సెల్ ఏంటో చెప్పాల్సిన పనే లేదు, గుంట అంటే చాలు. ఆ క్లాసులో చదువులో వెనక పడ్డ పిల్లాడే అందరికంటే ముందు లెక్క చెప్పేస్తాడు, ఎందుకంటే వాళ్ళ నాన్న పట్టా పుస్తకంలో ఎన్ని గుంటలు రాసుందో వాడికి నోటికొచ్చు.

ఇప్పుడు చెరువు. ఎందుకు చెరువే అంటున్నానో చెప్పాలంటే నా పరువు కొంచెం తీసుకోవాలి. 1993లో, అప్పటికి నేను ఉద్యోగంలో చేరి రెండేళ్ళు. మనం 1988లో పంపిన ఐఆర్ఎస్-1ఏ చిత్రాలు కాగితం మీద ప్రింట్లుగా వచ్చేవి, లైట్ టేబుల్ మీద పరిచి పైన ట్రేసింగ్ ఫిల్మ్ పెట్టి ఇది అడవి, ఇది వరి, ఇది బీడు అని గీతలు గీసేవాళ్ళం. ఆ ప్రింట్లలో ఆకు పచ్చగా ఉండదు, ఎర్రగా ఉంటుంది. ఆకులోని పత్రహరితం ఎర్ర కాంతిని మింగేస్తుంది, కానీ ఆకు లోపలి కణాల అమరిక కంటికి కనపడని పరారుణ కాంతిని గట్టిగా వెనక్కి తిప్పికొడుతుంది. ఆ పరారుణానికి ప్రింట్‌లో ఎర్ర రంగు వేస్తారు, అందుకని ఎంత బలమైన పచ్చదనమైతే అంత ఎరుపు. నీళ్ళు పరారుణాన్ని మింగేస్తాయి కాబట్టి నల్లగా పడతాయి. రంగారెడ్డి జిల్లా ప్రింట్‌లో ఒక చోట చిక్కటి ఎరుపు కనిపించింది. టోపోషీట్‌లో (సర్వేవాళ్ళ పటంలో) అక్కడ చెరువుంది. చెరువు ఎండిపోయింది, శిఖంలో (చెరువు లోపలి నేలలో) వరి వేసుకున్నారు, అది మామూలే కదా అని ధీమాగా వరి అని రాసి పడేశాను. తర్వాత ఫీల్డుకు జీపులో వెళ్తే అక్కడ బర్రెలు మేపుకుంటున్న ఒక పెద్దాయన, నా చేతిలో మ్యాప్ చూసి, నేను వరి ఏదని అడిగితే, "నాటెక్కడిది సారూ, ఇది చెరువు. కాలు పెట్టి చూడు, నడుము దాకా పోతవ్" అన్నాడు.

గుర్రపుడెక్క. కట్ట నుంచి కట్ట దాకా నీటి చుక్క కనపడకుండా. దానికీ ఆకే ఉంది, అదీ పరారుణాన్ని తిప్పికొడుతుంది, ఉపగ్రహానికి వరైతేనేం, గుర్రపుడెక్కైతేనేం. ఇప్పుడు హైదరాబాద్ చుట్టుపక్కల ఈ పొరపాటు చేయడానికి నా రోజులకంటే చాలా ఎక్కువ అవకాశాలున్నాయి, ఎందుకంటే మురుగునీటితో వచ్చే నత్రజని, భాస్వరం దానికి ఎరువు. మీ పిల్లలు కూడా ఫోన్‌లో మ్యాప్ చూసి చెరువు కుంచించుకుపోయిందని కచ్చితంగా అంటారు. అనినివ్వండి. వెంటనే సరిదిద్దకండి. ప్రింట్ చేతికిచ్చి కట్ట మీదికి నడిపించుకుపోండి.

తిరిగొచ్చాక అసలు ప్రశ్న వేయండి: కట్ట ఎక్కకుండానే వరికీ గుర్రపుడెక్కకూ తేడా ఎలా పట్టాలి? ఒక్క బొమ్మతో పట్టలేరు. పది బొమ్మలు వరసగా పెడితే పట్టగలరు. వరి మడి యాసంగి నాట్ల ముందు నీళ్ళు పెట్టినప్పుడు నల్లగా ఉంటుంది, తర్వాత మెల్లగా ఎరుపెక్కుతుంది, కోతకొచ్చేసరికి పాలిపోతుంది, కోశాక ఖాళీ. గుర్రపుడెక్కకు కోతలుండవు, పైగా గాలి ఎటు వీస్తే అటు చెరువులో ఈ మూల నుంచి ఆ మూలకు జరుగుతుంది. జరిగే పొలం ఎక్కడైనా ఉందా అని అడగండి, పిల్లలకు అక్కడ వెలుగుతుంది.

ఎలా చేయాలంటే, కోపర్నికస్ బ్రౌజర్ అనే సైట్ ఉంది, ఉచితం. అందులో మీ చెరువు దగ్గరికి వెళ్ళి తేదీ మార్చుకుంటూ పోవచ్చు, 2016 నుంచి ఈ రోజు దాకా. ఫాల్స్ కలర్ అని ఒక నొక్కుడు ఉంటుంది, నేను పైన చెప్పిన ఎర్ర బొమ్మ అదే. ఏడాదికి మూడు తేదీలు చాలు: వానలయ్యాక అక్టోబర్ చివర్లో, ఫిబ్రవరిలో, మే మొదట్లో. అలా ఎనిమిది తొమ్మిదేళ్ళవి తీస్తే పాతిక దాకా బొమ్మలొస్తాయి. ఏ3 సైజులో కలర్ ప్రింట్లు తీయించి, పైన ట్రేసింగ్ పేపర్ పెట్టి, నీటి అంచు పెన్సిల్‌తో గీయించి, గ్రాఫ్ గళ్ళతో గుంటలు లెక్కపెట్టించండి. కంప్యూటర్ అరక్షణంలో చేసిపెడుతుంది నిజమే, కానీ అంచు దగ్గర సగం నీళ్ళు సగం మట్టి ఉన్న గడి వచ్చినప్పుడు అది చెరువులో కలపాలా వద్దా అని పిల్లలు కొట్టుకుంటారు చూడండి, ఆ కొట్లాట కంప్యూటర్‌తో రాదు. మా ఆఫీసులో జీతాలు తీసుకుని మేం కొట్టుకున్నదీ దాని మీదే.

ఒక జాగ్రత్త. 2024లో చెరువు ఆక్రమణల మీద హైడ్రా సంస్థ కూల్చివేతలు మొదలైనప్పటి నుంచి ఊళ్ళో చెరువు, ఎఫ్‌టీఎల్ అన్న మాట వినపడితేనే జనానికి టెన్షన్. మీ పిల్లలు గీసిన గీతలో ఎవరి ఇల్లో పడొచ్చు, అది మీ క్లాసులో పిల్లాడి ఇల్లే కావచ్చు. ఆ గీత ఆ రోజు నీళ్ళు ఎక్కడిదాకా ఉన్నాయో చెప్తుంది, అంతే. ఎఫ్‌టీఎల్ అంటే అలుగు మట్టానికి చెరువు నిండినప్పటి హద్దు, దాన్ని నేల మీద సర్వే చేసి తేల్చాలి, 10 మీటర్ల పిక్సెల్‌తో తేల్చేది కాదు. ఈ సంగతి పిల్లలకూ, సర్పంచ్‌కూ, ముఖ్యంగా లోకల్ విలేకరికీ ముందే చెప్పి పెట్టండి.

వానకాలంలో ఏం చేయాలి అనొచ్చు. జూలై ఆగస్టుల్లో బొమ్మ తెరిస్తే తెల్లటి దూది తప్ప ఏం ఉండదు, మబ్బు నీడలేమో నల్లగా చెరువుల్లా కనిపించి మోసం చేస్తాయి. అప్పుడు రాడార్ ఉపగ్రహాలు. అవి సూర్యుడి వెలుతురు మీద ఆధారపడవు, తామే సిగ్నల్ పంపి తిరిగొచ్చినదాన్ని కొలుస్తాయి, మబ్బు అడ్డం కాదు. కదలని నీళ్ళు అద్దంలా సిగ్నల్‌ను పక్కకు పంపేస్తాయి కాబట్టి రాడార్ బొమ్మలో నల్లగా ఉంటాయి. 2020 అక్టోబర్ వరదల లాంటివాటిని మబ్బు విడవకముందే చూడగలిగేది వీటితోనే. మనవాళ్ళు, నాసా కలిసి 2025 జూలైలో పంపిన నైసార్ కూడా ఈ జాతే. ఎనిమిదో తరగతికి ఇంతకంటే లోతు వద్దు.

వేడి బొమ్మల గురించి మాత్రం కొంచెం చెప్పాలి, ఎందుకంటే అందరూ బోల్తా పడేది ఇక్కడే. ల్యాండ్‌శాట్‌లో నేల ఎంత వేడిగా ఉందో కొలిచే పరికరం ఉంది. నగరం వేడి దీవి అని పుస్తకంలో చదివి, మే నెల బొమ్మ తీస్తే కోఠి, అమీర్‌పేట నిప్పులు చెరుగుతుంటాయని పిల్లలు అనుకుంటారు. తీరా చూస్తే ఊరి బయట దుక్కి దున్నిన ఎండు చెలకలు, బండలు నగరం కంటే వేడిగా కనిపించొచ్చు. బొమ్మ తప్పు కాదు. అది పొద్దున పదిన్నర బొమ్మ, తడి లేని ఒట్టి మట్టి ఎండ తగలగానే కాలిపోతుంది, కాంక్రీటు నెమ్మదిగా వేడెక్కి ఆ వేడిని రాత్రి దాకా దాచుకుంటుంది. పైగా అది నేల వేడి, గాలి వేడి కాదు. మిట్టమధ్యాహ్నం గ్రౌండ్‌లో ఇసుక, గడ్డి, సిమెంటు గచ్చు మీద థర్మామీటర్లు పెట్టి, సాయంత్రం ఏడింటికి మళ్ళీ చూడమనండి.

బస్సు దొరికితే ఒక్కరోజు వికారాబాద్ తీసుకెళ్ళండి. మన హైదరాబాద్ రాళ్ళు సుమారు 250 కోట్ల ఏళ్ళనాటి గ్రానైట్, పడమరకు పోయేకొద్దీ దాని మీద 6.6 కోట్ల ఏళ్ళ కిందట పారిన దక్కన్ లావా పరుచుకుని ఉంటుంది. పొలాలు ఖాళీగా ఉండే మే నెల బొమ్మలో ఈ హద్దు కనిపిస్తుంది, ఇటు ఎర్ర చెలకలు, అటు నల్లరేగడి. మూసీ పుట్టిన అనంతగిరి గుట్టలు అక్కడే. ప్రింట్ చేత్తో పట్టుకుని, కిటికీలోంచి మట్టి రంగు ఎక్కడ మారిందో పిల్లల్ని అరవమనండి, పాఠం అదే.

ఇవన్నీ ఒకే ఏడాది చేయాలని పెట్టుకోకండి. చెరువు ఒక్కటి పూర్తిగా చేస్తే చాలు, మిగతావి వాళ్ళే అడుగుతారు. మన ప్రభుత్వానిదే భువన్ సైట్ 2009 నుంచి ఉంది, మన ఉపగ్రహాల చిత్రాలు కొన్ని అందులో రిజిస్టరైతే ఉచితంగా దింపుకోవచ్చు. వాటిని దింపుతున్నప్పుడు, అవి షాద్‌నగర్‌లోని యాంటెన్నాల దాకా వచ్చి చేరాయని, అది బెంగళూరు రోడ్డు మీదే ఉందని చెప్పండి.

మీ చెరువు పేరు ఇక్కడ రాయండి, ఏయే తేదీల్లో మబ్బు లేదో నేను చూసి చెప్తాను, అది నాకు కాలక్షేపం. ఈలోగా మీ పిల్లల్లో చెరువు పక్కన పొలం ఉన్నవాళ్ళెవరో కనుక్కుని, ఆ పొలం ఎన్ని గుంటలో రాసి పెట్టుకోండి. చెరువు లెక్క మొదలుపెట్టే ముందు ఆ పొలాన్నే ఒకసారి లెక్కపెట్టిస్తే, మన గీతలు ఎంత నమ్మొచ్చో తెలిసిపోతుంది.